ఏ కష్టం మనది?

ఇంటర్ రెండేళ్లూ కష్టపడితే చాలు, ఆ తర్వాత అంతా సుఖమేనని పిల్లలకు చెబుతాం. ఇంటర్ అయ్యాక సీటు వచ్చేదాకా ఓర్చుకోమంటాం. సీటు తర్వాత ఉద్యోగం, ఉద్యోగం తర్వాత పెళ్లి, పెళ్లి తర్వాత సొంత ఇల్లు. ఆ ఇంటి అప్పు తీరేలోపే మన పిల్లలు ఇంటర్‌కి వస్తారు. ఇలా చెప్పే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కరువు చూసిన ఇళ్లను చదువే గట్టెక్కించింది, ఆ అనుభవంతోనే వాళ్లు మాట్లాడతారు. కానీ ఆ మాట వెనక రెండు నమ్మకాలున్నాయి. కష్టం అయిపోయాకే సంతోషం మొదలవుతుందన్నది ఒకటి. అనుకున్నది చేతికొస్తే సంతోషం నిలిచిపోతుందన్నది రెండోది. ఈ రెండూ నమ్మి, చెప్పినవన్నీ చేసి, యాభై ఏళ్లకు వచ్చాక "అన్నీ ఉన్నాయి, ఏదో లేదు" అనేవాళ్లు ప్రతి కుటుంబంలో ఒకరైనా కనిపిస్తున్నారు. అందుకని ఆ నమ్మకాల్లో నిజమెంతో నిదానంగా చూడాలి.

రెండోదానితో మొదలుపెడదాం. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇద్దరు ఒక పరిశీలన ప్రచురించారు. లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని, ప్రమాదాల్లో శరీరం చచ్చుబడిన 29 మందిని, ఇవేవీ జరగని మామూలు మనుషులు 22 మందిని ఒకే రకమైన ప్రశ్నలు అడిగారు. లాటరీ గెలిచినవాళ్లు మామూలు వాళ్లకంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా పొద్దున టిఫిన్ తినడం, స్నేహితుడితో మాట్లాడటం లాంటి రోజువారీ విషయాల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది. ప్రమాదానికి గురైనవాళ్లు మిగతావాళ్లకంటే తక్కువ సంతోషంగా ఉన్నమాట నిజమే, కానీ బయటివాళ్లు ఊహించుకునేంత దుఃఖంలో లేరు. మంచికైనా చెడుకైనా మనసు కొన్నాళ్లకు అలవాటుపడిపోతుందని ఆ పరిశీలన నుంచి శాస్త్రవేత్తలు అర్థం చేసుకున్నారు.

ఇది చిన్న పరిశీలన. దీన్ని పట్టుకుని డబ్బుతో పనిలేదని చెప్పడం అన్యాయం. స్వీడన్‌లో లాటరీ గెలిచినవాళ్ల మీద చాలా పెద్ద ఎత్తున జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, గెలిచిన చాలా ఏళ్లకు కూడా వాళ్లలో జీవితం పట్ల తృప్తి కొంత పెరిగే ఉందని తేలింది. అప్పులవాడు గుమ్మంలో నిలబడని ఇంటికి, నిలబడిన ఇంటికి తేడా ఉంటుంది. ఆ తేడా తెలియాలంటే పరిశోధనలు చదవక్కర్లేదు. అయితే అవసరాలు తీరాక ప్రతి కొత్త మెట్టు ఇచ్చే సంతోషం మనం ఎదురుచూసినంత కాలం నిలవదన్నదీ అంతే నిజం.

పోనీ, వస్తువుల సంగతి వదిలేసి నేరుగా సంతోషం కోసమే ప్రయత్నిస్తే? ఐరిస్ మౌస్ అనే పరిశోధకురాలి బృందం 2011లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్న మీదే జరిగింది. సంతోషంగా ఉంటే ఎన్ని లాభాలో వివరించే వ్యాసాన్ని కొందరి చేత చదివించారు. మిగతావాళ్లకు సంతోషం ప్రసక్తి లేని వ్యాసం ఇచ్చారు. తర్వాత సినిమా ముక్కలు చూపించారు. మనసుకు హాయి కలిగించే దృశ్యం చూసినప్పుడు, సంతోషం గురించి చదివి వచ్చినవాళ్లే తక్కువ సంతోషపడ్డారు. ఇంకా ఆనందంగా ఉండాల్సింది కదా అన్న నిరాశ మధ్యలో అడ్డొచ్చింది. పండగ పూట ఇంట్లో అందరూ నవ్వుతూ ఉండాలని పొద్దున్నుంచీ తొందరపెట్టే మనిషే సాయంత్రానికి అందరికంటే ఎక్కువ చిరాకుపడటం మనం చూస్తూనే ఉంటాం.

ఇక మొదటి నమ్మకం: కష్టం పోతేనే సంతోషం. రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు దాదాపు నాలుగు వందల మంది అమెరికన్లను ప్రశ్నించి 2013లో రాసిన పత్రంలో, హాయిగా గడిచే జీవితాన్ని, అర్థవంతమైన జీవితాన్ని విడదీసి చూశారు. రెండూ చాలావరకు కలిసే ఉంటాయి. విడిపోయే చోట మాత్రం ఆసక్తికరమైన విషయం బయటపడింది. తమ జీవితానికి అర్థం ఉందని చెప్పినవాళ్లలో ఒత్తిడి, ఆందోళన కూడా ఎక్కువగా కనిపించాయి. ఏది దేనికి కారణమో ఇలాంటి సర్వేలు తేల్చలేవు. కానీ పిల్లల్ని పెంచేవాళ్లకు, రోగుల్ని చూసుకునేవాళ్లకు, ఊరి చెరువు కోసం కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. మనకు ముఖ్యమైనది ఎక్కడుంటే నిద్రపట్టని రాత్రులూ అక్కడే ఉంటాయి. ఆ రాత్రుల్ని జీవితంలోంచి పూర్తిగా తీసేయాలంటే, ముఖ్యమైనదాన్ని కూడా వాటితోపాటు తీసేయాలి.

ఇక్కడే విలువల సంగతి వస్తుంది. విలువలు అనగానే బడి గోడ మీద రాసిన నీతివాక్యాలు గుర్తొస్తాయి గానీ, నేను మాట్లాడేది వాటి గురించి కాదు. అమెరికాలో స్టీవెన్ హేయెస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 1980ల నుంచి ఒక చికిత్సా పద్ధతిని తీర్చిదిద్దుతూ వచ్చారు. అందులో లక్ష్యాన్ని, విలువను వేరు చేయడం చాలా ముఖ్యమైన మెట్టు. లక్ష్యానికి చివర ఉంటుంది. అందుతుంది, లేదా చేజారుతుంది. విలువ అంటే మనం ఏ తీరున బతకదలచుకున్నామన్నది. దానికి చివర ఉండదు. డాక్టరు కావడం లక్ష్యం, నొప్పితో ఉన్న మనిషి పక్కన నిలబడటం విలువ. నీట్‌లో ర్యాంకు రాకపోతే లక్ష్యం అక్కడ ఆగిపోవచ్చు. విలువను ఆపగల పరీక్ష ఏదీ లేదు, నర్సుగానో, ఫార్మసీలో కూర్చునో, ఇంట్లో నాయనమ్మ మంచం పక్కన ఉండో దాన్ని కొనసాగించవచ్చు. మూడు పడగ్గదుల ఇల్లు కట్టడం లక్ష్యం. వచ్చిన మనిషికి అన్నం పెట్టే ఇంటిగా ఉండటం విలువ. రెండోది అద్దె ఇంట్లోనూ ఇవాళే మొదలుపెట్టొచ్చు.

మరో సంగతి. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన షాలోమ్ ష్వార్ట్జ్ 20 దేశాల్లో జరిగిన సర్వేల ఆధారంగా 1992లో మనుషుల విలువల గురించి ఒక సిద్ధాంతం ప్రచురించారు. దానిలో పది రకాల విలువలున్నాయి. భద్రత, సంప్రదాయం, స్వేచ్ఛగా ఆలోచించడం, తనవాళ్ల మేలు, లోకం మేలు, విజయం, అధికారం, సుఖం లాంటివి. ఇవన్నీ దాదాపు అందరికీ ఎంతో కొంత ముఖ్యమే. మనిషికీ మనిషికీ తేడా అంతా ఏది పైన, ఏది కింద అన్న వరుసలోనే. అన్నదమ్ములిద్దరూ కుటుంబం ముఖ్యమనీ అంటారు, నిజాయితీ ముఖ్యమనీ అంటారు. బంధువు కోసం తప్పుడు సాక్ష్యం చెప్పాల్సి వచ్చిన రోజున ఎవరి వరుస ఏమిటో బయటపడుతుంది. అందుకే కష్టం రానంతవరకు మన విలువలేమిటో మనకే పూర్తిగా తెలియదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితాన్ని ఈ దృష్టితో చూస్తే చాలా విషయాలు స్పష్టమవుతాయి. ఆమె పేరు మనకు ఆంధ్ర మహిళా సభ ద్వారా, ఆసుపత్రి ద్వారా తెలుసు. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషన్‌కూ ఆ పేరుంది. ఆమె బతికిన తీరు గురించి మాత్రం మనం తగినంత మాట్లాడుకోలేదని నా అభిప్రాయం.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసినప్పుడు ఆమెకు దాదాపు పన్నెండేళ్లు. దేవదాసీలకు, పరదా పాటించే ముస్లిం స్త్రీలకు ఆయన మాట వినే అవకాశం ఇప్పించాలని పట్టుబట్టారు. ఐదు వేల రూపాయల నిధి అందజేస్తే గాంధీజీ సమయం ఇస్తారని నిర్వాహకులు షరతు పెట్టారు. దేవదాసీల అండతోనే ఆ డబ్బు పోగైంది. సభ జరిగింది. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది దుర్గాబాయే. హిందీ నేర్చుకుని, రాజమండ్రిలో ఆడపిల్లల కోసం హిందీ పాఠశాల నడిపిన ధైర్యం ఆమెది.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు అక్కడి ప్రదర్శన దగ్గర ఆమె వాలంటీరు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దన్నారు, టికెట్ ధర రెండు అణాలు. జవాహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వస్తే ఆమె ఆపేశారు. నిర్వాహకులు కోప్పడినా, మీరు చెప్పిన పనే చేస్తున్నానన్నారు. వాళ్లు టికెట్ కొనిచ్చాకే నెహ్రూను లోపలికి వదిలారు. ఈ కథను మనం ముచ్చటగా చెప్పుకుంటాం. నాకు అందులో కనిపించేది ఆ వయసుకే స్థిరపడిన వరుస. అధికారం కింద ఉంది, ఒప్పుకున్న పని పైన ఉంది.

పదిహేనేళ్ల వయసులో కాపురం సంగతి ముందుకొచ్చింది. తనకా బంధం ఇష్టం లేదని చెప్పేశారు. తండ్రి, తమ్ముడు అండగా నిలిచారు. 1920ల కోస్తాలో ఆడపిల్ల ఆ మాట అనడమంటే చుట్టుపక్కల నోళ్లన్నిటికీ ఎదురు నిలవడమే. సర్దుకుపోతే ఓర్పుగల పిల్ల అనిపించుకునేవారు. ఆ ఓర్పు ఆమె చూపించలేదు.

ఆరేళ్లు తిరగకముందే అదే మనిషి ఉప్పు సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్లారు. 1930, 1933 మధ్య మూడుసార్లు శిక్ష పడింది. వేలూరు జైల్లో సాటి ఖైదీలుగా అక్షరం రాని స్త్రీలను చూశారు. తమ మీద ఏ నేరం మోపారో, దానికి ఎలా జవాబు చెప్పుకోవాలో తెలియనంత నిస్సహాయత వాళ్లది. మదురై జైల్లో ఆమెను ఒంటరి గదిలో పెట్టారు. పక్కన ఉరిశిక్ష పడినవాళ్ల గదులు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఇక్కడ మాత్రం ఆమె వెనక్కి తగ్గలేదు, ఓర్చుకున్నారు.

పెళ్లిలోని కష్టాన్ని కాదన్న మనిషి జైలులోని కష్టాన్ని ఎలా కోరుకున్నారు? ఈ వ్యాసం మొత్తంలో నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే. రెండు కష్టాల్లో జైలు తేలికైందేమీ కాదు. మొదటి కష్టం ఆమె దేన్ని ముఖ్యమనుకున్నారో దాన్ని చంపేస్తుంది. రెండోది దాని కోసం పనిచేస్తే వచ్చి పడింది. కష్టం ఎంత పెద్దదన్న లెక్కతో ఆమె నిర్ణయం తీసుకోలేదు. అది దేని కోసమన్నదే చూశారు.

జైలు నుంచి బయటికొచ్చాక ఆమె రాజకీయాల్లో ఎదగాలని కాకుండా చదువుకోవాలని నిశ్చయించుకున్నారు. ఇరవై ఐదేళ్లకు దగ్గరైన వయసులో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కి కట్టారు. ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో డిగ్రీలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. చదవాలనుకునే అమ్మాయిల కోసం పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్లను కూడగట్టుకుని, కలిసి ఉండే వసతి ఏర్పాటు చేసుకున్నారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. ఈ మధ్యలోనే, 1937 ప్రాంతంలో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. బడి మానేసిన స్త్రీలను తాను రాసిన ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే తయారుచేయడం సభ తొలినాటి పనుల్లో ఒకటి. ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఆగి, వెనకవాళ్లకు చెయ్యందించారు.

రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆ తర్వాత 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. పార్లమెంటు సీటే జీవితమనుకున్న మనిషికి అదొక ముగింపు. ఆమె ప్రణాళికా సంఘంలో పనిచేశారు, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూతో, న్యాయమూర్తులతో వాదించారు. 1981లో ఆమె చనిపోయేనాటికి ఆ చట్టం రాలేదు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. లక్ష్యాల జాబితాగా చూస్తే ఈ జీవితంలో గెలుపులున్నాయి, ఓటములున్నాయి, తన కళ్లతో చూడకుండానే మిగిలిపోయిన పనులున్నాయి. ఆడవాళ్లు చదువు లేక ఒకరి దయ మీద బతకకూడదన్న పట్టుదలగా చూస్తే కాకినాడ సభ నుంచి ఎక్కడా తెగని దారం కనిపిస్తుంది. ఆమె ఎంత సంతోషంగా ఉన్నారో బయటినుంచి కొలవడం మన పని కాదు. ఓటమి తర్వాత రోజు ఏం చేయాలో తెలియని స్థితి మాత్రం ఆమెకు రాలేదని ఆ జీవితమే చెబుతోంది.

కష్టాలను స్వాగతించాలనే ఉపదేశాలు ఈ రోజుల్లో ఎక్కువయ్యాయి. నాకు వాటితో పేచీ ఉంది. మన సమాజంలో ఆ ఉపదేశం ఎక్కువగా వినేది ఎవరు? తాగొచ్చి కొట్టే భర్త ఉన్న ఇల్లాలు. కూలి సరిగా రాని కూలీ. ఆఫీసులో రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టినా నోరు తెరవకూడని కొత్త ఉద్యోగి. ఎవరో చేసే అన్యాయాన్ని భరించడానికి విలువలనే పేరు పెట్టడం వాళ్లకు రెండోసారి అన్యాయం చేయడమే. నాజీల నిర్బంధ శిబిరాల్లో రెండున్నరేళ్లకు పైగా గడిపి, 1945లో విడుదలైన వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ బాధకు అర్థం ఉండవచ్చని రాసిన మనిషే. కానీ ఆయన ఒక హద్దు స్పష్టంగా గీశారు. తప్పించుకోలేని బాధ గురించే ఆయన ఆ మాట అన్నది. తొలగించగల బాధకు మొదట చేయాల్సింది దాని కారణాన్ని తొలగించడమేనని, అనవసరంగా బాధపడటంలో వీరత్వం లేదని కూడా చెప్పారు. ఆయన పుస్తకాన్ని పొగిడేవాళ్లు ఈ రెండో సగాన్ని తరచుగా మర్చిపోతారు.

ఒకే పని ఇద్దరికి రెండు రకాల కష్టం కావచ్చు. మంచాన పడ్డ అత్తగారిని ఇద్దరు కోడళ్లు చూసుకుంటున్నారనుకుందాం. ఒకామెకు ఆ ముసలావిడ అంటే ప్రేమ, ఈ ఇంట్లో పెద్దవాళ్లు దిక్కులేకుండా పోకూడదన్నది ఆమె మనసులోని మాట. ఇంకొకామె ఉద్యోగం మానిపించి, ఆమెను అడక్కుండానే ఆ పని ఆమెకు కట్టబెట్టారు. దుప్పట్లు మార్చడం ఇద్దరికీ ఒకటే, నడుంనొప్పి కూడా ఒకటే. మొదటామెకు కావాల్సింది సాయం, విశ్రాంతి. రెండో ఆమెకు అంతకంటే ముందు కావాల్సింది కాదనే హక్కు. ఆమెకు ఓర్పు గురించి చెప్పడానికి ఎవరూ పూనుకోకూడదు.

ఎంచుకున్న పనిలోంచే కోలుకోలేని నష్టం వచ్చిపడితే ఏమిటన్నది ఇంకో ప్రశ్న. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి కొండల్లోని సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకోవడానికి పూనుకున్నారు. ఆ మన్యంలో తిరుగుతుంటే మలేరియా పట్టుకుంది. వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. చెవితో విని భాషను పట్టుకునే మనిషికి చెవే పోవడం మాటలతో తీరే నష్టం కాదు. ఆయన దాన్ని మంచిదే జరిగిందని చెప్పుకోవాల్సిన పనీ లేదు, మనం చెప్పాల్సిన పనీ లేదు. 1863లో పుట్టిన ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అంటే రెండోది డెబ్బై అయిదేళ్ల వయసులో. నష్టం నష్టంగానే ఉండిపోయింది, పని పనిగా సాగింది. ఇది ఇలా ఉండవచ్చని తెలుసుకోవడమే మనలో చాలామందికి పెద్ద ఊరట.

దేని కోసం పడుతున్నామో తెలిసిన కష్టం శరీరం మీద కూడా వేరుగా పనిచేస్తుందా? కొంత ఆధారం ఉంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రెస్వెల్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత, గంభీరంగా ముఖం పెట్టి కూర్చున్న పరీక్షకుల ముందు ప్రసంగం చేయించి, నోటి లెక్కలు చేయించారు. అంతకుముందు కొందరిని తమకు అన్నిటికంటే ముఖ్యమైన విలువ గురించిన ప్రశ్నలతో కాసేపు గడపమన్నారు. వాళ్లలో ఒత్తిడి వేళ విడుదలయ్యే కార్టిసాల్ అనే హార్మోను మిగతావాళ్లకంటే తక్కువగా పెరిగింది. ఒక్క ప్రయోగంతో జీవితాలు మారిపోతాయనుకోవద్దు. నేనేమిటి, నాకేది ముఖ్యం అన్నది గుర్తున్నప్పుడు ఎదుటివాడి గుర్రుచూపు కాస్త చిన్నదవుతుందని మాత్రం అర్థం చేసుకోవచ్చు.

ఇంతకీ మన విలువ అనుకుంటున్నది నిజంగా మనదేనా? నలుగురూ ఏమనుకుంటారో అన్న భయాన్ని చాలా ఇళ్లలో విలువ అనే పిలుస్తారు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీని మీద దశాబ్దాల పాటు పనిచేశారు. శిక్షకు భయపడి చేసేది ఒక రకం. ఎవరూ చూడకపోయినా, చేయకపోతే సిగ్గుగా, తప్పుచేసినట్టుగా అనిపించి చేసేది రెండో రకం. ఇది నాకు ముఖ్యం అనిపించి చేసేది మూడో రకం. రెండో రకం దగ్గరే మనం మోసపోతాం. బయటి గొంతు లోపలికి వచ్చి కూర్చుంటుంది, అది మన గొంతే అనుకుంటాం. ఆ గొంతు కోసం ఎంత చేసినా తృప్తి రాదు, కాసేపు ఆందోళన తగ్గుతుందంతే. అమెరికా వెళ్లి పదేళ్లయినా తనకేం కావాలో చెప్పలేకపోయే కుర్రాడు సోమరి కాడు, కృతఘ్నుడూ కాడు. అతణ్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

తనదేదో తెలుసుకోవడానికి కాగితం మీద మంచి మాటల జాబితా రాసుకోవడం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. అందరి జాబితా ఒకేలా వస్తుంది. అంతకంటే బాధ దగ్గర వెతకడం మేలు. ఏ మాట పడితే మూడు రోజులు మనసు కుదుటపడలేదు? నలుగురిలో పాడమన్నప్పుడు సిగ్గుపడి తప్పించుకుని, ఇంటికొచ్చి ఏడ్చిన మనిషికి సంగీతం ముఖ్యమని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టింపు లేని చోట మనసు గాయపడదు. అలాగే పోయిన నెల డబ్బు ఎక్కడికి పోయింది, ఆదివారాలు ఎక్కడికి పోయాయి అన్నదీ చూడొచ్చు. కుటుంబమే ముఖ్యమని చెప్పుకునే మనిషి ఆదివారాలన్నీ ఫోనుకే పోతే, ఆ లెక్క చెప్పేది అతను వినాల్సిందే. ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోయినా, ఫొటో తీసి పెట్టే వీలు లేకపోయినా ఈ పని చేస్తానా అని అడిగితే నలుగురి కోసం చేసేవి చాలావరకు రాలిపోతాయి.

తెలిశాక వెంటనే ఉద్యోగం మానేసి కొండల్లోకి వెళ్లాల్సిన పనిలేదు. ఈ వారంలో చేయగల చిన్న పని, కొంచెం ఇబ్బందిగా ఉండే పని ఒకటి చాలు. పిల్లల చదువు ముఖ్యమనుకునే మనిషి పక్కింటి పనిమనిషి కూతురికి రోజూ అరగంట లెక్కలు చెప్పొచ్చు. మూడో రోజే విసుగొస్తుంది. విసుగొచ్చిందంటే ఇది మన పని కాదేమో అన్న అనుమానం వస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. విసుగు, భయం, సిగ్గు పోయేదాకా ఆగి మొదలుపెట్టడం కుదరదు, వాటిని వెంటబెట్టుకునే నడవాలన్నది హేయెస్ చెప్పే పద్ధతిలో మూలసూత్రం.

ఒక హెచ్చరిక చాలా అవసరం. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి పోవడం, బతకాలనిపించకపోవడం విలువలు తెలియక వచ్చిన సమస్య కాదు. అది జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. కుంగిపోయిన మనిషికి జీవితాశయం గురించి చెప్పడం జ్వరంతో పడుకున్నవాణ్ని పొలానికి రమ్మనడం లాంటిది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులోనూ.

చివరగా, చాలా వ్యాసాలు పక్కనపెట్టే విషయం. విలువలు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. డల్లాస్‌లో ఉన్న కూతురికి తన పరిశోధనా ముఖ్యమే, తెనాలిలో ఒంటరిగా ఉన్న తండ్రీ ముఖ్యమే. ఇందులో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయి ఉంటే సమస్యే లేదు. రెండూ ఆమెవే కాబట్టి ఏం నిర్ణయించినా కొంత బాధ తప్పదు. ఆ బాధను నిర్ణయం తప్పనడానికి రుజువుగా తీసుకోకూడదు. ఈ ఏడు అక్కడే ఉండి, వచ్చే ఏడు ఆర్నెల్లు ఇక్కడికి వచ్చి పనిచేసే వీలుందేమో చూడొచ్చు. పరిస్థితి మారితే వరుసా మారొచ్చు. ఒకసారి తేల్చుకుంటే జన్మంతా సరిపోయే జవాబు ఇక్కడ దొరకదు.

ఇంకొకటి కూడా ఉంది. మన విలువకు అయ్యే ఖర్చు మనం ఒక్కరమే కట్టం. లంచం తీసుకోని గుమాస్తా ఇంట్లో పిల్లల ఫీజు ఆలస్యమవుతుంది. ఊరి కోసం తిరిగే మనిషి భార్య ఒంటరిగా ఇల్లు లాక్కొస్తుంది. ఆ ఖర్చును వాళ్లు ఇష్టంగా పెట్టుకుంటున్నారా, గత్యంతరం లేక పెట్టుకుంటున్నారా అన్నది అడిగితే తప్ప తెలియదు. ఆశయమున్న మనుషులు ఇంట్లోవాళ్లను ఆ ప్రశ్న అడగడానికి తరచుగా భయపడతారు. కాదంటే ఏం చేయాలో తెలియదు కాబట్టి. అడగాలి. కాదంటే ఆశయాన్ని అక్కడే వదిలేయాలని కాదు, దాన్ని ఏ మేరకు, ఏ తీరున నడపాలో ఇంట్లోవాళ్లతో కూర్చుని మళ్లీ మాట్లాడుకోవాలి. ఆ మాటల్లో వాళ్ల విలువలూ బయటికొస్తాయి.